చిన్నమ్మ పెట్టిన నెల్లికాయ

నా చిన్నప్పుడు మా ఇంట్లో రాత్రి అన్నాలయ్యాక, చేతులు కడుక్కుని వచ్చి తాత ముందు అరచెయ్యి చాపనిదే ఎవరూ పడక మీదికి వెళ్ళడానికి లేదు. మా తాత చిత్తూరు దగ్గర పల్లెలో చెరుకు పండించి, గానుగ ఆడించి, బెల్లం వండేవాడు. రంగు తేలడానికి చాలామంది పాకంలో ఏదో తెల్లపొడి కలిపేవాళ్ళు. తాత కలిపేవాడు కాదు. అందుకని మా బెల్లం నల్లగా ఉండేది, ఆ నలుపే మాకు గర్వం. ఆయన చిన్న కత్తితో ఉండను చెక్కి, పిల్లలకూ పెద్దలకూ, ఆ రోజు ఇంటికొచ్చిన చుట్టాలకూ ఒక్కో ముక్క చేతిలో పెట్టేవాడు. వద్దనడానికి ఎవరికీ ధైర్యం ఉండేది కాదు. అందరికీ పెట్టాక తాను రెండు ముక్కలు నోట్లో వేసుకునేవాడు.

నాకు పదేళ్ళప్పుడు తాత కాలి వేలికి చెరుకు మోడు గుచ్చుకుంది. నెలలు గడిచినా పుండు మానలేదు. చిత్తూరు డాక్టరు చూసి, ఇది షుగరు జబ్బు, తీపి పూర్తిగా మానెయ్యాలి, లేకపోతే కాలు తీసెయ్యాల్సి వస్తుందని స్పష్టంగా చెప్పాడు. తాత ఇంటికొచ్చి ఆ మాటకు తన అర్థం తాను చెప్పాడు. అదంతా పొడి కలిపిన బెల్లం తినేవాళ్ళకట, మన బెల్లం ఒంటికి మంచే చేస్తుందట. ఇంటిల్లిపాదీ తల ఊపాం. హైస్కూలు చదువు చదివిన మా నాయన కూడా ఊపాడు. ఇన్నేళ్ళయినా ఆ తల ఊపడం గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఊపని తల ఒక్కటే. అది మా చిన్నమ్మది. మా చిన్నాయనను పెళ్ళి చేసుకుని ఆ ఏడే మా ఇంటికొచ్చింది. ఆమెది నగరి పక్క, మాటలో సగం అరవం. ఉసిరికాయను నెల్లికాయ అనేది, మేం పిల్లలం నవ్వేవాళ్ళం. మరుసటి రోజు రాత్రి తాత కత్తి పట్టుకుని కూర్చుంటే ఉట్టి మీద బెల్లం లేదు. చిన్నమ్మ బెల్లమంతా ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నడుమున దోపుకుంది.

"ఈ పొద్దు నించి ఈ ఇంట్లో అన్నం తిన్నాక బెల్లం లేదు మామా. మీకొక్కరికే కాదు, ఎవురికీ లేదు" అంది.

తాత కత్తి కింద పెట్టేసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత ఆయన అన్నం దగ్గర మాతో కూర్చోవడమే మానేశాడు. నాయన సణిగాడు. అమ్మ ఆమెతో మాటలు తగ్గించేసింది. నాకైతే ఆమె మొహం చూస్తేనే కోపం. ఆమె వేసిన ముగ్గు మీద కావాలని నడిచేదాన్ని. జడ వేస్తానంటే తల ఇచ్చేదాన్ని కాదు. నిన్నగాక మొన్న వచ్చిన మనిషి మా తాత నోటి దగ్గరది లాక్కుందని నా బాధ.

ఆ బాధతోనే నేను దొంగతనం మొదలుపెట్టాను. మధ్యాహ్నం బడి నుంచి వస్తూ గానుగ దగ్గర ఆగి, పాకం తీసిన పెనం అంచున అంటుకున్న బెల్లాన్ని గోకి, ఆముదపాకులో చుట్టి, వసారాలో మంచం మీదున్న తాతకు ఇచ్చేదాన్ని. ఆయన అటూ ఇటూ చూసి గబగబా తినేవాడు. అందరికీ పంచిన చెయ్యి అది. ఇప్పుడు దుప్పటి చాటున దాక్కుని తింటోంది. అది చూస్తే నాకు సంతోషం కలిగేది కాదు, ఇంకా కోపం వచ్చేది. ఆ కోపమంతా చిన్నమ్మ ఖాతాలోకే పోయేది. అలా ఇరవై రోజులు పెట్టి ఉంటాను.

పట్టించింది చీమలు. రోజూ పుండు కడిగి కట్టు కట్టేది చిన్నమ్మే. వాసనకు తక్కినవాళ్ళెవరూ దగ్గరికి వచ్చేవాళ్ళు కాదు, ఆమె మీద కోపం పెట్టుకోవడానికి మాత్రం అందరికీ తీరికుండేది. ఒక మధ్యాహ్నం ఆమె మంచం కోడు వెంట ఎక్కుతున్న చీమల బారును చూసి, దిండు ఎత్తి, జిగురంటిన ఆకును బయటికి తీసింది. ఎవరు తెచ్చారని అడిగింది. నేనే అన్నాను, తలెత్తుకునే అన్నాను. కొడుతుందనుకున్నాను, కొడితే ఊరంతా వినేలా ఏడవాలనీ అనుకున్నాను.

కొట్టలేదు. నా మణికట్టు పట్టుకుని లాగి తాత కాళ్ళ దగ్గర కూర్చోబెట్టి, కట్టు మొత్తం విప్పింది. రెండు వేళ్ళు నల్లబడి ఉన్నాయి. నేను మొహం తిప్పుకోబోతే గడ్డం పట్టి ఇటు తిప్పింది.

"సూడు పాపా, బాగా సూడు. నువ్వు పెట్టిన బెల్లమంతా ఈడుండాది" అంది. ఆ వేళ్ళనే చూస్తూ, "మా నాయనకు నేనూ ఇట్లనే పెట్టినాను" అంది.

ఆమె గొంతు పెద్దది కాలేదు కానీ, నా మణికట్టు మీద పట్టు మాత్రం వదల్లేదు. ఆ కోపంలో సగం ఆమె తన మీద తాను పడుతున్నదని అప్పుడు నాకు తెలియలేదు. మంచం మీద తాత కళ్ళు మూసుకున్నాడు.

ఆ రాత్రి అన్నాలయ్యాక చిన్నమ్మ తాతను చెయ్యి పట్టి లేపుకొచ్చి, ఆయన పాత చోటులోనే కూర్చోబెట్టింది. ముందు చెంబుతో నీళ్ళు, ఒక పళ్ళెం పెట్టింది. అందులో కోసిన ఉసిరిముక్కలున్నాయి.

"ఈ పులుపు ఎవురు తింటారుమే" అని తాత కసిరాడు.

"పంచేది మీరే మామా. నమిలి, ఈ నీళ్ళు తాగండి. తియ్యగా లేకుంటే పెట్టె తాళంచెవి మీకే ఇచ్చేస్తా" అంది.

తాళంచెవి మాట విన్నాక తాత కదిలాడు. అందరి చేతుల్లో ఒక్కో ముక్క పెట్టాడు. నేను నాది తినకుండా పిడికిట్లో దాచుకున్నాను. ఆమె ఇచ్చింది నేనెందుకు తింటాను. తాత ముక్క నమిలాడు, మొహం చిట్లించాడు, చెంబెత్తి ఒక గుక్క తాగాడు. ఆగి, ఇంకో గుక్క తాగాడు. చెంబు దించి చిన్నమ్మ మీద మండిపడ్డాడు.

"నీళ్ళల్లో ఏమేసినావు? నాకు వద్దని చెప్పి నువ్వే బెల్లం కలుపుతావా?"

చిన్నమ్మ ఆ చెంబు తెచ్చి నా నోటికి పెట్టింది. ఇంట్లో అందరికంటే ఆమెను ఎక్కువగా అసహ్యించుకునేది నేనని ఆమెకు తెలుసు. అందుకే నన్నే ఎంచుకుంది. నేను తాగాను. మా బావి నీళ్ళే, ఏ రుచీ లేదు. బెల్లం నీళ్ళేనని అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే ఆమె మోసం చేసినట్టయి, తాళంచెవి తాతదవుతుంది. కానీ మధ్యాహ్నం చూసిన ఆ రెండు వేళ్ళు నా కళ్ళ ముందే ఉన్నాయి.

"వట్టి నీళ్ళే తాతా" అన్నాను.

తర్వాత పిడికిట్లో నలిగిపోయిన ముక్కను నమిలి మళ్ళీ తాగాను. గొంతులోకి తియ్యగా దిగింది. నాకు ఏడుపొచ్చింది. తాత నా వైపు చూసి, చెంబు తీసుకుని, మిగిలిన నీళ్ళన్నీ తాగేశాడు. తాళంచెవి అడగలేదు.

చిత్తూరు ఆసుపత్రిలో ఆ రెండు వేళ్ళూ తీసేశారు. కాలు మిగిలింది. ఆ కాలితోనే తాత ఇంకా చాలా ఏళ్ళు గానుగ దగ్గర తిరిగాడు, రాత్రిపూట అందరికీ ఉసిరిముక్క పంచాడు. కాయలు లేని కాలంలో ఉప్పేసి ఎండబెట్టినవి పంచాడు. ఆయనకు తీపి మీద ఎంత యావ ఉండేదో, పది చేతుల్లో ఏదో ఒకటి పెట్టడం మీదా అంతే ఉండేది. అది కనిపెట్టింది మాలో ఎవరమూ కాదు, నగరి నుంచి వచ్చిన పిల్ల.

మా వాళ్ళు మాత్రం ఇప్పటికీ ఈ కథ చెప్పేటప్పుడు, బెల్లం వండుతూనే బెల్లం మానేసిన మనిషని తాతను పొగుడుతారు. చిన్నమ్మ మాట ఎత్తరు. ఆమె బతికున్నప్పుడూ ఎత్తలేదు, ఆమె వంటింట్లోంచి వింటూ ఊరుకునేది. నేను కూడా ఆమెతో, నాది తప్పు చిన్నమ్మా అని ఒక్కసారీ అనలేదు. పెద్దయ్యాక చెబుదామనుకున్నాను, చెప్పకుండానే పెద్దయిపోయాను.

ఇప్పుడు నాకూ షుగరే. నా మనవరాలు ఫోను పట్టుకుని నేను తినే ప్రతి ముద్దకూ క్యాలరీలు చూస్తుంది. కొండ నుంచి వచ్చిన వాళ్ళేమో లడ్డు తెచ్చి, ప్రసాదం ఏమీ చేయదమ్మా, ఒక్క ముక్కే కదా అంటారు. మా బెల్లం ఏమీ చేయదన్న మాటే మళ్ళీ వినిపించి నాకు కోపం నషాళానికి అంటుతుంది. చిటికెడు కళ్ళకద్దుకుని నాలుక మీద వేసుకుంటాను, మిగతాది వాళ్ళ చేతుల్లోనే పెడతాను.

రాత్రి అన్నం తిన్నాక ఉసిరిముక్క నములుతాను. చెంబెత్తే ముందు ఒక మాట గట్టిగా అంటాను, ఇంట్లో అందరికీ వినపడాలనే అంటాను.

"ఇది మా చిన్నమ్మ పెట్టిన నెల్లికాయ."

రోజూ చెప్పాలా అవ్వా అని మనవరాలు విసుక్కుంటుంది. చెప్పాలి. నేను ఒక్క రోజు ఊరుకున్నానంటే, మళ్ళీ తాత పేరే చెబుతారు.