బతాలో సేఫ్టీ బెల్టు కొన్న శుక్రవారం

నేను సౌదీ నుంచి ఇంటికి వచ్చేయడానికి వారం ముందు ఈ ప్రయాణం చేశాం. భార్యాపిల్లల కోసం అక్కడి ప్రభుత్వానికి నెలనెలా కట్టే ఫీజు ఆ ఏడాది రెట్టింపైంది. దాంతో మా ఆయన నాకు ఎగ్జిట్, అంటే మళ్లీ రాకుండా వెళ్లిపోయే వీసా, వేయించారు. ఆయన అల్ ఖోబర్‌లో ఎత్తయిన బిల్డింగుల బయటి గోడల మీద ఏసీలు బాగుచేస్తారు. సౌదీ ఉద్యోగులు సరిపడా లేక కంపెనీ ప్రభుత్వ లెక్కలో ఎరుపు కేటగిరీలో పడి ఖర్చులు తగ్గించినప్పటి నుంచి సేఫ్టీ బెల్టు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఆయన పాత బెల్టు కుట్లు ఊడిపోయాయి. నేను వెళ్లేలోపు గట్టిది కొనిపించాలని పట్టుబట్టాను. ఊరికి సెంటు సీసాలు కూడా కావాలి కదా, రియాద్‌లో బతా బజారుకే పోదామన్నారు.

శుక్రవారం ఉదయం ఆరింటికి పక్కనే ఉన్న దమ్మామ్‌లో బస్సెక్కాం. మనిషికి అరవై రియాళ్లు, ఐదు గంటలు. దారంతా ఇసుకే. స్టాండు నుంచి బతాకు టాక్సీ ఇరవై. నమాజు అయ్యేదాకా షాపులు తీయరు, ముందు భోజనం చేయడం మంచిది. ఓ సందులోని తెలుగు మెస్సులో ఆడవాళ్లకు పరదా వెనక రెండు బల్లలున్నాయి. వడ్డించే పెద్దాయనది మెట్‌పల్లి. వెకేషనా, ఎగ్జిటా అని అడిగాడు. ఎగ్జిట్ అనగానే నా పళ్లెంలో ఇంకో గరిటె పప్పు పోశాడు. "తిను బిడ్డా. గీ లెక్కన అందరు పోతే రేపు నా వంట నేనే తినాలె."

రెండున్నరకు షాపులు తెరిచారు. సెంట్లు పది నిమిషాల్లో కొనేశాం. అన్నీ నకిలీవే, మాకూ తెలుసు. ఊళ్లో వాసన ఎవరూ అడగరు, సీసా మీద పేరు చూస్తారు. పనిముట్ల షాపులో ఉన్నది కోరుట్ల అతను. రెండు బెల్టులు ముందు పెట్టి, ఇది తిజారీ, నలభై, ఇది ఒరిజినల్, నూట ఇరవై అన్నాడు. తిజారీ అంటే కంపెనీ పేరనుకుని, మంచి కంపెనీయేనా అని మా ఆయన చెవిలో అడిగాను. నకలును ఇక్కడ అలా అంటారని చెప్పి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒరిజినలే తీసుకోమని ఆయన చెయ్యి పట్టుకున్నాను.

అంతలో బయట ఎవరో చెకింగ్ అని అరిచారు. కౌంటర్లో సౌదీలే ఉండాలన్న రూలు వచ్చాక ఇది మామూలేనట. అతను గబగబా షట్టర్ దించి లైట్లు ఆర్పేశాడు. ముగ్గురం చీకట్లో కదలకుండా కూర్చున్నాం. పరాయి మగవాళ్లతో మాట్లాడటం నాకు అలవాటు లేదు. ఆ చీకట్లో మాత్రం అడిగాను.

"అన్నా, నీ తమ్ముడైతే గీ ఒరిజినల్ కట్టుకొని ఎక్కనిస్తవా?"

అతను గొంతు తగ్గించి చెప్పాడు.

"ఎక్కనియ్య చెల్లె. రెండూ ఒక్క డబ్బల్నుంచే అస్తయి. స్టిక్కర్ మేమే అంటిస్తం."

షట్టర్ లేచాక వట్టి చేతులతో వెళ్లిపోతామనుకున్నాను. మా ఆయన నలభై రియాళ్లది తీసుకున్నారు. బెల్టు కంపెనీ సొంత ఏజెన్సీలో అసలుది ఆరు వందలు. నా టికెట్ కొన్నాక అంత మిగల్లేదు. బెల్టు లేకపోతే శనివారం డ్యూటీ లేదు. "గేటు కాడ దాని మీది ముద్ర సూస్తరు. బెల్టు ఎవ్వడు సూడడు" అన్నారు.

నకిలీవి కొనేవాళ్లు మోసపోతారని అనుకునేదాన్ని. మమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. అడిగితే షాపతను నిజమే చెప్పాడు. తెలిసే కొన్నాం. బతాకు వెళ్లేవాళ్లు సెంట్లు, వాచీలు కొనుక్కోండి. ప్రాణం ఆధారపడే వస్తువు మాత్రం అక్కడ కొనకండి, నాలుగు నెలలు దాచుకునైనా ఏజెన్సీలో బిల్లుతో తీసుకోండి. నేను ఊరొచ్చేశాక మా ఆయన రోజూ పని ముగించి కిందికి దిగాక నాకొక మిస్డ్ కాల్ ఇస్తారు. అది వచ్చేదాకా నేను పొయ్యి వెలిగించను.