కండక్టరు గారు మాత్ర మింగిన రోజు

పొద్దున్నే కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పేసింది దర్జీ అక్క. గుమ్మంలో నిలబడ్డ వాళ్ళతో, "ఇవాళ కొలతలూ లేవు, కుట్లూ లేవు, రేపు రండి! మా ఆయన మాత్ర మింగబోతున్నాడు" అని చెప్పేసింది. మాత్ర మింగడానికి దుకాణం మూయడమేమిటని ఒకావిడ మూతి విరిచింది. మూతి విరవడానికేం, ఎవరైనా విరుస్తారు. ఆ ఇంట్లో మాత్ర అంటే ఏమిటో ఆవిడకేం తెలుసు!

ఆయన బస్సు కండక్టరు. గొంతెత్తి "రైట్!" అన్నాడంటే మూడు వీధులకు వినపడేది. కుట్టుపని నేర్చుకునే రోజుల్లో అక్క గుడ్డల మూట చంకన పెట్టుకుని పరుగెత్తుకొస్తుంటే, "హోల్డాన్! ఆవిడ ఎక్కాలి!" అని బస్సు ఆపించేవాడు. అలా ఆపించీ ఆపించీ చివరికి పెళ్ళి చేసుకున్నాడు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి ఎడమ పక్క లాగేసింది. ఎడమ చెయ్యి కొంత తిరిగొచ్చింది గానీ గొంతు మాత్రం మొండికేసింది. నీటి చుక్క మింగినా ఊపిరితిత్తుల్లోకి పోతోందని ముక్కులోంచి పొట్ట దాకా సన్నటి గొట్టం వేశారు. తిండీ, నీళ్ళూ, మందులూ అన్నీ అందులోంచే.

మొదట్లో అక్క ఒక ఘనకార్యం చేసింది. ఎలాగూ కడుపులో కలిసేవేగా అని మాత్రలన్నీ రోట్లో వేసి నూరి, క్యాప్సూళ్ళు కూడా విప్పి కలిపి, పాలల్లో గిలక్కొట్టి పోసింది. ఇంకేముంది! గొట్టం బిగుసుకుపోయింది. అది లాగి కొత్తది వేస్తుంటే ఆయన కళ్ళ వెంట నీళ్ళు ధారలు కట్టాయి. నర్సు చివాట్లు పెట్టింది. "కడుపు దాటాక కరగాలనే కదమ్మా ఈ మాత్రకి పూత వేసేది? దాన్నే నూరేస్తే ఎలా?" అంది. ఆ మందుకు బదులు సిరప్ రాయించింది.

ఆ రోజు నుంచి అక్క దారిలో పడింది. నూరదగ్గ మాత్రలు ఒక్కొక్కటే మెత్తగా నూరి, నీళ్ళలో కలిపి పోసేది. మందుకూ మందుకూ మధ్య ఉత్త నీళ్ళు పోసి గొట్టం కడిగేది. ఆగినప్పుడల్లా "హోల్డాన్", అయిపోగానే "రైట్" అనేది. ఆయన బొటనవేలు ఎత్తేవాడు. మాట మాత్రం గొంతులో నీళ్ళు నిలిచినట్టు గరగరమనేది.

ఇవాళ మింగే పరీక్షలో కూడా పొలమారితే పొట్టకు రంధ్రం చేసి గొట్టం అక్కడే పెట్టేద్దామని ముందే చెప్పాడు డాక్టరు. ఆ మాట విన్నప్పటి నుంచి అక్కకు కంటి మీద కునుకు లేదు. అయినా పైకి మాత్రం, "కుట్లు నేనే వేస్తాలెండి, రంగు దారంతో" అని ఆయన్ని ఆటపట్టించింది.

ఆస్పత్రి గదిలో మింగడం నేర్పే అమ్మాయి, పొలమారకుండా పొడి కలిపి చిక్కగా చేసిన నీళ్ళు చెంచాతో అందించింది. "గడ్డం కిందికి వంచి మింగండి బాబాయ్" అంది. ఆయన తలూపాడు, చెంచా నోట్లో పడగానే అలవాటు కొద్దీ తల పైకెత్తేశాడు! జన్మంతా మాత్ర ఎగరేసి, తల వెనక్కి వాల్చి గుటుక్కుమనిపించిన మనిషి మరి. పొలమారింది. దగ్గీ దగ్గీ మొహం కందగడ్డయింది.

"ఇంకొక్కసారి చూద్దాం" అంది అమ్మాయి, కానీ గొంతులో నమ్మకం లేదు.

అక్క ఆయన గడ్డం వైపే చూస్తూ ఆలోచించింది. ఈయన తల దించేదెప్పుడబ్బా, ఎవరి ముందైనా దించాడా ఎప్పుడైనా? దించాడు! టిక్కెట్టు చించేటప్పుడు దించేవాడు! చటుక్కున సంచీలోంచి కొలతలు రాసుకునే చీటీల కట్ట తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఏవండీ, బస్సు నిండిపోయింది. టిక్కెట్లు కొట్టండి!"

"భలే పట్టావ్ పిన్నీ!" అని అమ్మాయి కుర్చీలోంచి ఎగిరినంత పని చేసింది. ఆయన తల వంచి బొటనవేలితో చీటీ లేపాడు. గడ్డం ఛాతీకి ఆనింది. అమ్మాయి చెంచా అందించింది. గుటక పడింది. దగ్గు లేదు! మరో చెంచా. దగ్గు లేదు! అప్పుడు మెత్తగా చిదిమిన అరటిపండులో చిన్న మాత్ర పెట్టి ఇచ్చింది. ఆయన చీటీ చింపుతూ మింగాడు. అక్క తన గుటక తనే మింగింది.

"ఇప్పుడేదైనా మాట అనండి బాబాయ్. గరగరమంటే లోపల మిగిలిపోయినట్టు."

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"రైట్!"

గరగర లేదు, నీళ్ళ చప్పుడు లేదు. అచ్చం బస్సులో అన్నట్టే అన్నాడు. అమ్మాయి చప్పట్లు కొట్టింది. "పొట్టకి రంధ్రం అక్కర్లేదు పిన్నీ! ఇలాగే మింగితే ముక్కు గొట్టం కూడా తీసేయొచ్చు. ఇప్పుడే డాక్టరుగారికి చెప్తాను!"

"నువ్వు కాదు, నేను చెప్తా!" అని అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే లేచింది. నర్సుకు చెప్పాలి, డాక్టరుకు చెప్పాలి, మూతి విరిచిన ఆవిడకు మరీ మరీ చెప్పాలి! చెప్పు ఒకటి వేసుకుని, ఇంకొకటి మరిచిపోయి గుమ్మం దాటబోయింది.

"హోల్డాన్!"

అక్క ఠక్కున ఆగిపోయింది. వెనక్కి తిరిగితే, ఆయన చింపిన చీటీ ఆమె వైపు చాపి నవ్వుతున్నాడు.

"ఎక్కడికోయ్, టిక్కెట్టు తీసుకోకుండా?"