దేవుడి గదుల మీద నడిచిన అచ్చయ్య

రాయపూర్‌లో సూర్యుడు ఎవరికైనా జడిశాడంటే అచ్చయ్య అరికాళ్ళకే. మే నెల మిట్టమధ్యాహ్నం ఆయన చెప్పుల్లేకుండా డాబా ఎక్కితే, ఎండే అరికాళ్ళు కాలి మబ్బు చాటుకి గెంతేదట. మిల్లులుండే ఉర్లా పేటలో ఒట్టేసి చెబుతారు. నమ్మనివాళ్ళు చెప్పులిడిచి ఎక్కి చూడొచ్చు.

శ్రీకాకుళం మనిషి. సగం ఆయుష్షు ఉర్లా రోలింగ్ మిల్లులో, ఎర్రగా కాలే ఇనప కడ్డీల పక్కనే గడిచింది. మిల్లు మూతపడిన రోజు అందరూ గేటు దగ్గర ఏడ్చారు, తిట్టారు. ఈయన టిఫిన్ డబ్బా కడుక్కుని ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. కూతురు బిందుమాధవి ఐటీఐలో కరెంటు పని నేర్చుకుని, తెలీబంధాలో చిన్న సోలార్ దుకాణం తెరిచి, "నానా, డాబా పని నువ్వు చూడు" అంటే సరేనన్నాడు. అప్పుడు బాధ లేదు, ఇప్పుడు సంబరమూ లేదు.

మొదటి పని ఆండాళమ్మగారింట్లో. పనివాళ్ళు బూట్లతో మెట్లెక్కబోతే ఆవిడ అడ్డం నిలబడింది.

"కింద దేవుడి గది ఉంది నాయనా. పెరుమాళ్ళ నెత్తిమీద బూట్లా?"

"అమ్మగారూ, పైన తవాలాగ ఉంది! దోసెలు పోసుకోవచ్చు" అన్నాడు ఫిట్టర్ హరీష్.

అచ్చయ్య చెప్పులిడిచి ఎక్కేశాడు. సోలార్ పలకలన్నీ బిగించి, దిగొచ్చి, మజ్జిగ తాగాడు. ఆ కబురు ఊళ్ళోని తెలుగు రైల్వేవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి నయా రాయపూర్ దాకా పోయింది. దేవుడి గది ఎవరింట్లో లేదు? మార్వాడీలు సైతం "ఆ చెప్పుల్లేని అంకుల్‌నే పంపండి" అని ఫోన్లు. ఆయన అరికాళ్ళ మీద హరీష్ జీతం, వాడి తోటివాళ్ళ జీతాలు, దుకాణం అద్దె అన్నీ నిలబడ్డాయి.

"నానా, కాల్తందా?" అని కిందనుంచి బిందు కేకేసేది.

"నేదమ్మా." అబద్ధమాడే మనిషి కాదు.

ఒకరోజు పని ముగించి దిగుతుంటే మెట్లపొడుగునా నెత్తురు అడుగులు. "చాచా! నీ కాల్లో స్క్రూ!" అని హరీష్ గుండెలు బాదుకున్నాడు. అచ్చయ్య పాదమెత్తి, పక్కింటివాళ్ళ పాదాన్ని చూసినట్టు చూశాడు. "ఔనా" అన్నాడు.

షుగరు ముదిరి పాదాల్లో స్పర్శ పోయిందనీ, మళ్ళీ వట్టికాళ్ళతో ఎక్కితే కాలు తీసెయ్యాల్సొస్తుందనీ డాక్టరు చెప్పాడు. బిందు బూట్లు కొని ముందు పెట్టింది.

"ఏసుకో."

"ఏసుకుంటే పనులు రావే. ఆ కుర్రోళ్ళ సంగతేటి?"

 ఆ పిల్ల బూట్లు వెనక్కి తియ్యలేదు.

వేసుకున్నాడు. ఫోన్లు తగ్గాయి. దుకాణంలో ఈగలు తోలుకుంటున్న వేళ, రిటైరైన రైల్వే గార్డు అమ్మిరాజుగారు వచ్చి, "చెప్పుల్లేకుండా చేస్తారటగా? మా డాబా కింద దేవుడి గది" అన్నారు. వచ్చిన బేరం పోతుందని హరీష్ అందుకున్నాడు.

"మా చాచా పాదాలంటే ఏమనుకున్నారు సార్! వజ్రాలు! సూర్యుడే దండం పెడతాడు!"

బిందు తండ్రి వంక చూసింది. అచ్చయ్య బూటు తాడు ముడేసుకుంటూ, తలెత్తకుండానే అన్నాడు:

"దండం నేదు, గిండం నేదు బాబూ. షుగరుకి కాళ్ళు సచ్చిపోనాయి, కాల్తే నాకు తెల్దు. బూట్లతోనే ఎక్కుతాను. ఇష్టమైతే సెప్పండి."