కుంకుమ బొట్టు పెట్టిన తూటాలు

ఆ రోజుల్లో నాకు భయపడటానికి పెద్ద కారణాలేవీ అక్కర్లేదు. కెనడాలోని కాల్గరీలో చదువుకునేదాన్ని. బస్సు కాస్త ఆలస్యమైనా, ప్రొఫెసరు ఈమెయిల్ చివర థాంక్స్ అని లేకపోయినా ఆ రాత్రి నిద్రపోయేదాన్ని కాదు. అలాంటిదాన్ని, నిజంగా ప్రమాదం ఎదురైన క్షణంలో మాత్రం ముందు ముచ్చటపడ్డాను. మేం అద్దెకున్న బేస్‌మెంట్‌లో, ఇల్లు వేడిచేసే ఫర్నేస్ ఉన్న గదిలోకి, ఆరిన బట్టలు తీసుకుందామని వెళ్ళాను. అక్కడ అరమీద తెల్లటి ఒత్తులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. మా అమ్మమ్మ కార్తీకమాసానికి చేసి దాచుకునే ఒత్తుల్లాగే, కింద కొస మెలితిప్పి ఉంది. ఈ దేశంలో ఒత్తులు చేసుకునేదెవరా అనుకుంటూ ఒకటి తీశాను. బరువుగా ఉంది. ఒత్తి అంత బరువు ఉండకూడదన్న సంగతి ముందు నా అరచేతికి తెలిసింది, తర్వాత నాకు. పలుచటి కాగితం, లోపల సీసపు గుండు.

అంతలో అక్క వచ్చింది. అక్కంటే నా రూమ్మేటు. కరీంనగర్ నుంచి వచ్చి నాతోపాటే చదువుతూ, సాయంత్రాలు కాఫీ షాపులో పనిచేసేది. నాకంటే ఒక్క ఏడాదే పెద్ద, కానీ ధైర్యంలో మా అమ్మంత పెద్ద.

"ఏందే, అట్ల నిలబడ్డవ్?"

"అక్కా, ఇవి బుల్లెట్లు."

అక్క ఒకటి తీసుకుని లైటు కింద తిప్పి చూసింది. "మంచిగనే చుట్టిండు గని, అంచు వంకరపోయింది."

"పైనున్న తాత ఎవరినో చంపబోతున్నాడక్కా. మనం ఇల్లు మారిపోవాలి."

"గీ మంచుల ఏడికి పోదాం? నువ్వే పైకి పోయి అడుగు. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌ల నాకంటె నీకే ఎక్కువొచ్చింది గదా."

పైనున్న తాత మా ఇంటి ఓనరు. భార్య పోయాక ఒక్కడే ఉండేవాడు. తనను పేరు పెట్టి పిలవమన్నాడు గానీ, మాకు నోరు రాక ఎదురుగా సర్ అనీ వెనకాల తాత అనీ అనేవాళ్ళం. నేను ఆ గుండును టిష్యూలో చుట్టుకుని, మెట్లు ఎక్కుతూ ఒక వాక్యం సిద్ధం చేసుకున్నాను: ఇది చట్టానికి లోబడి జరుగుతున్నదేనా అని, మర్యాదగా, భయం కనబడకుండా. తీరా ఆయన తలుపు తీసేసరికి నా నోట్లోంచి వచ్చింది వేరే.

"సర్, దీని అంచు వంకరగా ఉంది."

ఆయన గుండు వంక చూశాడు, నా వంక చూశాడు. "తెలుసు" అన్నాడు. తర్వాత తన రెండు చేతులూ ముందుకు చాపి చూపించాడు. అవి వణుకుతున్నాయి.

డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి టీ ఇచ్చి, అన్నీ చెప్పాడు. ఆయన దగ్గరున్నది లైసెన్సున్న పాతకాలపు రైఫిలు. తుపాకి మందు దట్టించి, కాగితం చుట్టిన సీసపు గుండు పెట్టి, దూరంగా ఉన్న అట్టమీద గురి చూసి కొట్టడం ఆయన సరదా. ఆ తూటాలన్నీ ఇంట్లో చేత్తోనే తయారుచేసుకునేవాడు. (మందు పని వేరే షెడ్డులో, తాళం వేసుకుని. ఆ మాట నాలుగుసార్లు చెప్పించుకున్నాను.) కాగితాన్ని ఏటవాలుగా కత్తిరించి, తడిపి, గుండు చుట్టూ సరిగ్గా రెండు చుట్లు తిప్పాలి. అంచూ అంచూ కలవాలి గానీ ఒకదానిమీద ఒకటి ఎక్కకూడదు. ఆరితే కాగితం బిగుసుకుంటుంది. ఏ కొంచెం తేడా వచ్చినా గుండు దారి తప్పుతుంది. ఆ ఏడాదితో ఆపేస్తానని కూతురికి మాటిచ్చాడట, రైఫిలు కొనుక్కునేవాడు కూడా సిద్ధంగా ఉన్నాడట. అక్టోబర్లో సీజను ఆఖరి పోటీ.

"గెలవాలని లేదు" అన్నాడు. "ఒక్క మంచి టార్గెట్ కొట్టి రైఫిలు కింద పెట్టాలని ఉంది. ఈ చేతులతో చుట్టినవాటితో మాత్రం అది జరగదు."

నేను టేబుల్ మీదున్న కాగితం ముక్క తీసుకుని, వేలు తడిచేసుకుని, గుండు చుట్టూ తిప్పి కొస మెలిపెట్టాను. చిన్నప్పుడు ఒత్తులు చెయ్యమంటే ఏడ్చేదాన్ని, అక్కడ ఎవరూ చెయ్యమనకుండానే చేశాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, ఇంకో కాగితం ముక్క నా ముందుకు జరిపాడు. (తూటాలకు రాసే జిడ్డులో ఏముందని అడగకుండా మాత్రం ఉండలేకపోయాను. సిపాయిల తిరుగుబాటు పాఠం బట్టీపట్టిన పిల్లను మరి. తేనెమైనం, నూనె అన్నాడు. ఏం నూనె అని అడిగాను. ఆయన లేచి వెళ్ళి సీసా తెచ్చి చూపించాడు.)

ఆ పోటీ దాకా ఆదివారాలు నా పని అదే. నా భయమంతా ఆ కాగితంలోకి పోయేదేమో, వేళ్ళు ఎక్కడా తడబడేవి కావు. వెంట్రుకవాసి తేడా కనిపించినా పక్కన పడేసేదాన్ని. ఆయన వాటిని పారేయకుండా ఒక టీ డబ్బాలో వేసుకునేవాడు, తుపాకి గొట్టం వేడెక్కేందుకు ముందుగా కాల్చుకోవడానికి అవి చాలట. మంచివాటిని మాత్రం నేనే ఫర్నేస్ దగ్గర ఆరబెట్టి, పెట్టెలో గుంటల్లో నిలబెట్టాను.

పోటీ ముందురోజు దసరా. మధ్యాహ్నం నేను కాలేజీలో ఉన్నాను, అక్క ఇంట్లో ఉంది.

మర్నాడు తాత మమ్మల్నిద్దర్నీ ట్రక్కులో ఊరి బయటికి తీసుకెళ్ళాడు. గడ్డిమీద పలుచగా మంచు, టోపీల్లో ముసలివాళ్ళు, ఒకరి థర్మాస్‌లోంచి ఒకరికి కాఫీ. మందు నింపిన ఇత్తడి తొడుగులు ఆయన ముందే తెచ్చుకున్నాడు, గుండ్లు మాత్రం వాటిలో అక్కడే వేలితో నొక్కి పెట్టుకునే అలవాటు. పెట్టె మూత తీశాడు. తెల్లటి గుండ్లు బారులు తీరి, ఒక్కొక్కటి నుదుట ఎర్రటి బొట్టుతో, పేరంటానికి వచ్చినట్టు నిలబడి ఉన్నాయి.

నేను అక్క వైపు తిరిగాను.

"ఆయుధపూజ గదనే" అంది అక్క, ఏమాత్రం తడుముకోకుండా. "నీ లాప్‌టాప్‌కు పెట్టిన, రైస్ కుక్కర్‌కు పెట్టిన. అసలైన ఆయుధాలు ఇంట్ల పెట్టుకుని వాటికి పెట్టకపోతే ఎట్ల?"

"తడి కుంకుమ పెట్టావా?"

"పొడిది అంటుతదా?"

అక్క ఆయనకు ఇంగ్లీషులో, మంచి జరగడానికి పెట్టానని చెప్పింది. తాత జేబులోంచి కొలిచే పరికరం తీసి ఒక గుండును బొట్టు దగ్గర కొలిచాడు, ఇంకోటి కొలిచాడు. ఒకదాన్ని తుపాకి గొట్టంలో పెట్టి చూస్తే సగంలో ఆగిపోయింది. తుడవబోతే కాగితం చిరిగింది.

"అదృష్టం మరీ మందంగా ఉందమ్మా" అన్నాడు. "నా రైఫిల్లో పట్టదు."

ఆ మాటకు పక్కనున్న ముసలివాళ్ళు నవ్వారు గానీ, ఆయన నవ్వలేదు. చేతులు ఇంకా ఎక్కువ వణుకుతున్నాయి. అక్క ముఖం అలా వాడిపోవడం నేను మొదటిసారి చూశాను. "సారీ సర్" అని మెల్లగా అంటూ, ఆ పెట్టెను తనే మూసేసింది.

అప్పుడు ఆయన టీ డబ్బా తీశాడు. అందులో నేను పడేసినవి గుప్పెడున్నాయి. వద్దు సర్, అవి బాగాలేవు అన్నాను. ఆయన ఒకటి కళ్ళదగ్గర పెట్టుకుని చూసి, "ఏం బాగాలేదు ఇందులో?" అని అడిగాడు. నేనూ చూశాను. ఎంత వెతికినా ఏం బాగాలేదో నాకే కనిపించలేదు.

ఆయన బోర్లా పడుకుని, రైఫిలును కత్తెరలా నిలబెట్టిన రెండు కర్రల మీద ఆన్చాడు. నాకిచ్చిన ఇయర్ మఫ్స్ మీద మళ్ళీ చేతులు పెట్టి మూసుకున్నాను. శబ్దం చెవికి కాదు, పక్కటెముకలకు తగిలింది. తెల్లటి పొగ లేచింది. గొట్టం ముందు కాగితం తునకలు అక్షింతల్లా రాలాయి. తూటాకూ తూటాకూ మధ్య ఆయన గొట్టం తుడుచుకుని, ఊపిరి సర్దుకుని, మళ్ళీ పడుకునేవాడు. ఆ పడుకున్నంతసేపూ ఆ చేతులు వణకలేదు.

అట్టమీద, ఆయన కాల్చిన అయిదూ ఒక అప్పడం వెడల్పులో పడ్డాయి. (పోటీలో ఆయనకు నాలుగో స్థానమో అయిదోదో వచ్చింది, ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.) ఆ అట్టను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. "ఇక చాలు" అన్నాడు, మాతో కాదు. వారం తిరక్కుండానే ఎవరో వచ్చి రైఫిలు తీసుకుపోయారు. ఆ ఆదివారం ఆయన కిందికి వచ్చి, ఏమీ తోచడం లేదని చెప్పి, అక్క పెట్టిన పప్పుచారు తిని వెళ్ళాడు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా ఆయన. పుట్టినరోజు పార్టీలో వచ్చిన వాటర్ గన్ నేను దాచేస్తే, పిల్లలు అలిగారు. వాళ్ళను నవ్విద్దామని, మీ అమ్మ ఒకప్పుడు బుల్లెట్లు చేసేది తెలుసా అన్నాడు. ఇద్దరూ నావైపు కొత్తమనిషిని చూసినట్టు చూశారు. రేపు చెప్తాను, పడుకోండి అన్నాను. ఏం చెప్పాలో తేల్చుకుందామని రాత్రి కూర్చుని ఇక్కడిదాకా రాశాను.

పొద్దున సీరియల్ తింటూ ఆరేళ్ళది అడిగింది. "అమ్మా, డిడ్ యూ షూట్ ఎనీబడీ?"

ఎవర్నీ కాల్చలేదు, నేను కాగితం చుట్టాను, ఒక తాత అట్టను కొట్టాడు అని చెప్పాను.

"వర్ యూ స్కేర్డ్?"

"చాలా" అన్నాను. "కానీ చెవులే మూసుకున్నాను, కళ్ళు మూసుకోలేదు. మూసుకునుంటే ఆ తాత సంతోషపడటం చూసేదాన్ని కాదు."