తాత రాయి పక్కన మోచేయి

ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఫోటోగ్రాఫర్ని పిల్లా పెద్దా అందరూ ఫోటో మామయ్య అనే పిలుస్తారు. కొండ అంచున మనిషి మొహంలా పొడుచుకొచ్చిన తాత రాయి ఉన్నన్నాళ్లూ ఆయనకు తిండికి లోటు లేదు. నుదురు, గడ్డం సరే, ఆ ముక్కుంది చూశారూ, పక్కనుంచి చూస్తే ఎవరినో కసురుకోబోతున్న ముసలాయనే. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లంతా కొంచెం దూరంలో నిలబడి, రెండు వేళ్లు గాల్లో పెట్టి, ఆ ముక్కు పిండుతున్నట్టు ఫోటో దిగాల్సిందే. "ఇంకొంచెం పైకమ్మా... ఆఁ, ఇప్పుడు పిండు, తాతకు జలుబు చేసింది!" అని మామయ్య అరిచేవాడు. వాళ్లు పకపకా నవ్వగానే టక్కున నొక్కేవాడు. కొత్త పెళ్లికొడుకు దగ్గర్నుంచి పళ్లూడిన బామ్మ దాకా ఆ ముక్కు పిండనివాళ్లు లేరు.

మొన్న వానల్లో ఒక పొద్దున ఆ ముక్కూ, దాని వెనకే నుదురూ, గడ్డమూ దబదబా లోయలోకి జారిపోయాయి. ఊరంతా పరిగెత్తుకెళ్లి ఖాళీ ఆకాశాన్ని చూస్తూ నిలబడింది. కిరాణా కొట్టాయన బావురుమన్నాడు. మామయ్య అలవాటు కొద్దీ కెమెరా ఎత్తి, ఏం తీయాలో తెలియక దించేశాడు.

సంతాపసభలో మున్సిపల్ చైర్మన్ గారు, రాయి నిండు ఫోటో ఒకటి పెద్దది చేయించి సభామందిరం గోడకు పెట్టిద్దామన్నారు. మామయ్య ఛాతీ విరుచుకుని లేచాడు.

"బతుకంతా తీసింది దాన్నే కదండీ! నా దగ్గర లేకపోతే ఇంకెవరి దగ్గరుంటుంది? ఆదివారానికి ఇచ్చేస్తా."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే కొంప ముంచాయి.

ఇంటికెళ్లి పెట్టెలు బోర్లించి చూస్తే, ప్రతి ఫోటోలోనూ తాత నుదురుంది, గడ్డముంది, ముక్కుండాల్సిన చోట ఎవరివో వేళ్లున్నాయి. లావు వేళ్లు, ఉంగరాల వేళ్లు, ఐస్‌క్రీం కారుతున్న వేళ్లు. వేళ్లు లేనిచోట తలకాయ. ఇన్నేళ్లూ తాత ముక్కు తీస్తున్నాననుకున్నాడు పాపం, తీసిందంతా జనం వేళ్లే! మామయ్య గుండెల్లో రాయి పడింది. ఇంటింటికీ తిరిగి ఆల్బములు అడిగాడు. అవీ ఆయన తీసినవే. ఫోన్లలో ఎవరికి వారు తీసుకున్నవాటిలోనూ ఆయన నేర్పిన పిండుడే.

శనివారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, "రేపు అందరి ముందూ ఏం మొహం పెట్టుకుని నిలబడనే?" అన్నాడు పెళ్లాంతో. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

అత్తయ్య చెయ్యి కడుక్కొచ్చి, గోడ అద్దం వెనక నుంచి ఒక పాత ఫోటో లాగి ఆయన ముందు పెట్టింది. నిండు రాయి. నుదురు, గడ్డం, చిరాకుపడుతున్న ముక్కు, అన్నీ ఉన్నాయి. అంచున మాత్రం ఒక మోచేయి.

"ఇదెక్కడిది?"

"పెళ్లైన కొత్తలో మీరు తీసిందే. గడ్డం దించు, పళ్లు కనపడనీకు, వంకరగా నిలబడకు అని ప్రాణం తోడేస్తుంటే, ఛీ పొమ్మని పక్కకొచ్చేశాను. సరిగ్గా అప్పుడే నొక్కారు. ఫిల్ము తగలేశావని ఎన్నాళ్లు సాధించారో గుర్తుందా?"

"దీన్ని నేను పారేశాను కదే!"

"పారేశారు. నేను ఏరి దాచుకున్నాను. మొదటిసారి మీ మాట విననిది ఆ రోజే. గుర్తుండొద్దూ?"

నవ్వాలో ఏడవాలో తెలియక మామయ్య రెండూ చేశాడు. అన్నం చల్లారిపోయింది.

ఆదివారం చైర్మన్ గారు ఫోటో చూసి మురిసిపోయారు. "బ్రహ్మాండం! ఈ మోచేయొకటి కత్తిరించేస్తే సరి."

మామయ్య ఒంటికాలి మీద లేచాడు. "కత్తిరిస్తే ఫోటో ఇచ్చేదే లేదు. ఆ మోచేయి పక్కకు జరగబట్టే మనకు తాత మిగిలాడు."

ఇప్పుడా ఫోటో సభామందిరం గోడ మీద నిలువెత్తున ఉంది. జనం వచ్చి కాసేపు కళ్లొత్తుకుంటారు. తర్వాత చేతులూరుకోక, రెండు వేళ్లు ఎత్తి ముక్కు పిండబోతారు. మామయ్య వద్దనడు. కెమెరా సర్దుకుంటూ, "కొంచెం ఇటు జరగమ్మా," అంటాడు. "మా ఆవిడ కనపడట్లేదు."