ఎవరూ విన్నాం అనని పద్దు

2022 జూలై 17, ఆదివారం, సాయంత్రం ఆరు గంటల ఇరవై నిమిషాలకు ప్రొద్దుటూరులో మైకు ముందు నిలబడి నేను పద్దెనిమిదో పద్దు చదివాను. "డైరెక్టరు జీతం, నెలకు అరవై రెండు వేలు. ఏడాదికి ఏడు లక్షల నలభై నాలుగు వేలు."

మా ట్రస్టుకు ఉన్న పని ఒక్కటే. పులివెందులలో, జమ్మలమడుగులో డయాలసిస్‌కు బెడ్డు దొరకనివాళ్లను వ్యానులో ప్రొద్దుటూరు ఆసుపత్రికి తెచ్చి, మళ్లీ ఇళ్ల దగ్గర దింపి రావడం. సర్కారు పథకం వల్ల వైద్యానికి ఖర్చు లేదు, దారి ఖర్చే వాళ్లను ముంచేది. సోమ, గురువారాల్లో తెల్లవారుజామున నాలుగున్నరకు పులివెందులలో బయలుదేరి, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు వచ్చి, ఏడు లోపల వ్యాను ఆసుపత్రి గేటు ముందుండేది. తొమ్మిది మంది వచ్చేవారు. వాళ్లలో జమ్మలమడుగులో జాకెట్లు కుట్టే ఒకామె ఉండేది. భర్త కువైట్‌లో డ్రైవరు. ఆయన పంపేది అక్కడికి పోయేటప్పుడు చేసిన అప్పుకే సరిపోయేది.

డీజిలు, వ్యాను డ్రైవరు జీతం నలభై ఒక్క అంగళ్లలో పెట్టిన చందా డబ్బాల నుంచి వచ్చేవి. నేను కోశాధికారిని. సొసైటీ బ్యాంకులో క్యాషియరుగా చేసి రిటైరయ్యాక ఈ పని ఒప్పుకున్నాను. ఏడాదికోసారి అంగళ్లవాళ్లను, ఊరివాళ్లను పిలిచి జమాఖర్చులు మైకులో చదవాలన్నది మొదటి రోజే పెట్టుకున్న పద్ధతి. ఒక్కో పద్దు చదివి ఆగుతాను. కూర్చున్నవాళ్లు "విన్నాం" అంటే తర్వాతిది చదువుతాను. టీ ఖర్చు కూడా అట్లే. ఒక ఏడాది పంక్చర్ల పద్దు చదివితే "ఆ టైర్లు యాడ కొన్నారప్పా, మేము ఆ అంగడి దిక్కు పోకుండా ఉంటాం" అని ఎవరో అన్నారు, అందరూ నవ్వి విన్నాం అన్నారు.

డైరెక్టరు అంతకు రెండేళ్ల ముందు వచ్చాడు. బెంగళూరు కంపెనీ ఒకటి మాకు సాయం చేస్తూ, పూర్తికాలం పనిచేసే మనిషి ఉండాలని షరతు పెట్టింది. అతని జీతం తానే వేరుగా ఇచ్చేది. రెండో వ్యాను కూడా ఇస్తానంది. అతను నలభై ఏళ్లవాడు, బస్సుల్లోనే తిరిగేవాడు. మా వాళ్లను గంటలకొద్దీ వరండాలో కూర్చోబెట్టకుండా ఆసుపత్రితో మాట్లాడి వేళలు కుదిర్చింది అతనే.

సభకు నెల ముందు కమిటీలో అతను నన్ను అడిగాడు. "మేడమ్, నా జీతం నిర్వహణ ఖర్చులో కలిపి చదవండి. దాచమని అనడం లేదు. ఆడిట్ రిపోర్టులో ఉంటుంది, అడిగినవాళ్లకు చూపిద్దాం."

మా అధ్యక్షుడు బట్టల అంగడి పెద్దాయన. "అక్కా, ఆ ఒక్కటి గమ్మున దాటేయ్. మా గుమాస్తాకు నేను పదకొండు వేలు ఇస్తాండా. వాడొచ్చి ముందు వరసలో కూర్చుంటాడు."

"టీ ఖర్చు చదివి దీన్ని చదవకపోతే మిగతా పదిహేడు ఎందుకు చదవాల, అన్నా?" అన్నాను.

"మీ ఇంటాయన నీతో ఎట్ల నెగ్గుకొచ్చినాడో, పాపం," అన్నాడాయన. జీతం కంపెనీ ఇస్తున్నదని కూడా చదువుతానన్నాను. సరే అన్నారు.

సభలో అదే చదివాను. అరవై రెండు వేలు అన్నాక ఆగాను. విన్నాం అని ఎవరూ అనలేదు.

"ఎంత?" అన్నారు వెనక నుంచి.

"అరవై రెండు వేలంట."

"ఏడాదికా?"

"నెలకప్పా, నెలకు."

"అట్లయితే అంగడి మూసేసి మనమూ రోగుల్ని మోద్దాం పదండి."

ఆ నవ్వుల్లో నా తర్వాతి వాక్యం పోయింది. డబ్బాల దుడ్లలోంచి ఇందుకు ఒక్క రూపాయి వాడలేదని మూడుసార్లు చదివాను. మూడోసారి చదివేటప్పటికి సగం కుర్చీలు ఖాళీ.

మర్నాటి నుంచి అంగళ్లవాళ్లు ఫోన్లు చేసి డబ్బా తీసుకుపొమ్మన్నారు. కంపెనీ ఉత్తరం సంచిలో పెట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికి పోయాను. బంగారు అంగడాయన ఉత్తరం అంతా చదివి నా చేతికిచ్చాడు.

"నీ మీద కోపం లేదమ్మా. నీ లెక్క సరిగ్గానే ఉంది. ఆ కంపెనీ దుడ్లు మాత్రం రోగులకు రావాల్సినవి కావా?"

ఆ మనిషి లేకపోతే ఆ దుడ్లూ రావని చెప్పాను. ఆయన తల ఊపాడు. డబ్బా మాత్రం బల్ల మీద నా వైపుకు జరిపాడు.

డిసెంబరుకు ఏడు డబ్బాలు మిగిలాయి. డీజిలు చాలక సోమవారం వ్యాను ఆపేశాం. ఆ గురువారం ఆసుపత్రికి పోయి కుట్టుపని ఆమె మంచం దగ్గర కూర్చున్నాను.

"ఆయప్ప జీతం ఎంతయితే మాకేందమ్మా? మాకు వ్యాను వస్తే సాలు," అంది.

"ఊరి దుడ్లతో నడిచే పని. అడిగినా అడగకపోయినా చెప్పాల."

"చెప్పినావు, మంచిదే. ఇప్పుడు సోమవారం నేనెట్ల రావాల?"

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే దారి అడుగుతోంది. నేను బస్సు వేళలు చెప్పాను.

"వచ్చేదానికి బస్సు సరే. సూదులు తీసినాక నా కాళ్లు నిలబడవు. బస్టాండు దాకా యా కాళ్లతో పోవాల?"

ఆటోకు ఆరువందలు. నా పింఛనులోంచి ఇస్తానన్నాను. "నాకిస్తే పులివెందులోళ్లు ఏం పాపం చేసినారు? వాళ్లది నాకన్నా దూరం," అని అటు తిరిగి పడుకుంది. తొమ్మిది మందికీ లెక్క వేసి చూశాను. నా పింఛను చాలదు. అంగళ్లకు మళ్లీ పోయాను. కుర్చీ వేశారు, మజ్జిగ ఇచ్చారు.

ఊరివాళ్ల వాటా లేని పనికి తాము ఇవ్వలేమని ఫిబ్రవరిలో కంపెనీ రాసింది. డైరెక్టరు వెళ్లిపోయే రోజు బస్టాండుకు పోయాను.

"మీరు తప్పేం చదవలేదు మేడమ్," అన్నాడు. "పోయేచోట ఇంతకన్నా ఎక్కువే ఇస్తారు. అక్కడ మైకులో చదివేవాళ్లు లేరు."

మార్చిలో వ్యాను అమ్మి బాకీలు కట్టాం. ఆ ఏటి జమాఖర్చులూ చదివాను. కమిటీవాళ్లు ఐదుగురు వచ్చారు. అన్ని పద్దులకూ విన్నాం అన్నారు.

పోయినవి ఇవి. డబ్బాలు ముప్పై నాలుగు, ఆ తర్వాత మిగతా ఏడు. వ్యాను ఒకటి, వస్తుందన్న రెండోది. ఉద్యోగాలు రెండు. తొమ్మిది మందికి సోమవారం, ఆ పైన గురువారం. పులివెందుల నుంచి వచ్చే నలుగురిలో ఇద్దరు మనుషులు. జమ్మలమడుగు ఆమెకు ఆటో బాడుగల కింద కుట్టుమిషను, వారానికి రెండు డయాలసిస్‌లలో ఒకటి.