గండి లోతు తెలిసినావిడ

కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన మరుసటి ఏడాది, ఏలూరులో కైకలూరు బస్సెక్కి సగం దారిలో దిగిపోయాను. మిగతా దూరం గట్ల మీద నడవాలని నా సరదా. మాది అనంతపురం. ఏరు అడ్డొస్తే నడిచే దాటడం మాకు అలవాటు.

ఒకచోట గట్టుకు గండి పడి ఉంది. ఆవలి ఒడ్డు నాలుగంగల దూరమే. మోకాటి లోతుంటుందిలే అనుకుని చెప్పులు చేతబట్టుకున్నాను.

"ఏవండీ, ఆగండి. అక్కడ కాలు అందదండీ," అంది, పక్కనే దోనెలో వల సర్దుకుంటున్న నడివయసు ఆవిడ. నేను నమ్మలేదని గ్రహించి దోనె నడిపే గెడ నీళ్లలోకి దించింది. అది దాదాపు మొత్తం మునిగిపోయింది. ఒక అడుగు వెనక్కి వేశాను.

మా వైపైతే ఈపాటికి నాలుగు తిట్లు పడేవి. ఆవిడ నన్ను దోనె ఎక్కించుకుని, "మీ ఊళ్లో ఇంత నీళ్లుండవేమోనండీ. మీ తప్పు కాదులెండి," అంది.

అవతల దిగాక, లోతు అంత కచ్చితంగా ఎలా తెలుసని అడిగాను.

"ఇది మా చెరువేనండీ. గట్టు కొట్టిన రోజున ఎంత లోతు తవ్వారో ఇక్కడే నిలబడి చూశాను. ఇప్పుడు కొల్లేరులో కలిసిపోయింది, వలేసుకుని బతుకుతున్నాం. ఇక్కణ్ణుంచి గట్టు బావుందండీ, ధైర్యంగా నడవండి."

ఆవిడ మాట మీదే నడిచి, పొద్దుండగానే కైకలూరు చేరాను.